తొక్కుడు బారు కథ



తొక్కుడు బిళ్ళ మనందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆడని వాళ్ళుండరు. బందరు తొక్కుడు లడ్డూ కూడా తెలుసు, ఇండియా నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో ఒక డబ్బా ఉంటుంది. మరి తొక్కుడు బారు సంగతి తెలుసా? ఆ పేరు నేను పెట్టిందే లెండి. ఇక్కడివాళ్ళు పెడల్ పబ్ అంటారు. వేసవిలో మన మినియాపొలిస్ డౌన్‌టౌన్ వైపు కారులో వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. రథానికున్నట్టు పైన ఒక కప్పు, మధ్యలో పొడుగాటి బల్ల, బల్లకి రెండువైపులా ఎదురెదురుగా కూర్చుని పాటలు పాడుతూ, కేకలు వేస్తూ, సైకిలు తొక్కినట్టు తొక్కుతూ పోయే పదిహేను పదహారు మంది. బల్ల మీద బీరు కప్పులు. వెనకాల దాటిపోవడానికి వీల్లేక నత్తలా కదిలే కార్ల వరస. ఆ వరసలో ఎప్పుడో ఒకప్పుడు మీరూ ఉండే ఉంటారు.

ఇవాళ ఆ బండి చరిత్ర చెప్పుకుందాం. బీరు బండికి చరిత్రేమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మ అడిగిన ప్రశ్నలకి జవాబులు వెతకబోతే ఈ కథంతా బయటపడింది.

రెండేళ్ళ క్రితం వేసవికి అమ్మ నెల్లూరు నుంచి వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం మా అమ్మాయిని తీసుకుని ముగ్గురం నార్త్ఈస్ట్‌లోని పియర్ బాటినో లైబ్రరీకి వెళ్ళాం. ఆ లైబ్రరీ ఒకప్పటి గ్రెయిన్ బెల్ట్ బీరు ఫ్యాక్టరీ ఆవరణలో, బళ్ళు నిలుపుకునే పాత షెడ్డులో ఉంటుంది. పుస్తకాలు తీసుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా రోడ్డు మీద ఈ తొక్కుడు బారు పోతోంది. అందరూ ఆడపిల్లలే. మధ్యలో ఒకమ్మాయి తెల్లటి మేలిముసుగు పెట్టుకుని ఉంది. పెళ్ళికూతురన్నమాట. మా అమ్మాయి చేతులూపింది, వాళ్ళూ ఊపారు. అమ్మ మాత్రం పక్కనున్న బెంచీ మీద కూర్చుని ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి, మూడు ప్రశ్నలు వేసింది.

"తాగినోళ్ళే తొక్కతా ఉంటే మరి బండి నడిపేది ఎవరు అబ్బయా?"

"ఇంత గోల చేస్తా పోతుంటే పక్కన ఇళ్ళోళ్ళు ఊరుకుంటారా?"

"వీళ్ళ ఇళ్ళల్లో ఆడోళ్ళు ఏమీ అనరా?"

మూడో ప్రశ్న వేసి, బండి మీద ఉన్నది ఆడవాళ్ళేనని గుర్తొచ్చి, తనే నవ్వేసింది. నేను మాత్రం తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎందుకంటే అంతకు ముందు వేసవిలోనే మా ఆఫీసు వాళ్ళతో కలిసి నేనూ ఆ బండి ఎక్కాను. ఆ ఫొటోలు కుటుంబం అంతా చూసే ఆల్బమ్‌లో పడకుండా జాగ్రత్తపడ్డాను కూడా.

ముందు ఈ బండి పుట్టుక చెబుతాను. దీని పుట్టిల్లు అమెరికా కాదు, నెదర్లాండ్స్. మనిషికో సైకిలు ఉండే దేశం. అక్కడ 1997లో ఒక బారు యజమాని ఊరేగింపులో తన బారుని కూడా ఊరేగించాలని ముచ్చటపడ్డాడు. హెంక్, జ్వియర్ వాన్ లార్ అనే అన్నదమ్ములు అతని కోసం చక్రాల మీద నడిచే బల్లని తయారుచేశారు. దానికి వాళ్ళ భాషలో పెట్టిన పేరు 'ఫీట్స్‌కెఫే', అంటే సైకిల్ కెఫే. మన దగ్గర వినాయక నిమజ్జనానికి లారీ అలంకరించినట్టు ఒక్కరోజు ముచ్చటగా మొదలైన బండి, చూసినవాళ్ళందరూ మాకూ కావాలనడంతో వ్యాపారమై కూర్చుంది.

దాని పనితనం చాలా తేలిక. సీట్ల కింద పెడళ్ళుంటాయి. వాటి గొలుసులన్నీ కలిసి ఒకే ఇరుసుని తిప్పుతాయి. అందరూ తొక్కితే గంటకి ఐదు మైళ్ళ వేగం, అంటే గట్టిగా నడిచే మనిషి కంటే కాస్త ఎక్కువ. మా టీమ్ ఎక్కినప్పుడు నేను గమనించిన విషయం ఒకటుంది. పెడళ్ళున్న సీట్లు పది. నిజంగా తొక్కింది ఐదారుగురు. మిగతావాళ్ళు కాళ్ళు ఊరికే ఆడించారు. గొలుసు అందరికీ కలిసే ఉంటుంది కాబట్టి ఎవరు తొక్కారో, ఎవరు నటించారో బయటికి తెలియదు. మా ప్రాజెక్టు కూడా అచ్చం అలాగే నడుస్తుందని మా మేనేజరే అన్నాడు.

ఈ బండి అట్లాంటిక్ దాటి 2007లో మన జంటనగరాలకే వచ్చింది. మన జంటనగరాలు అంటే ఇక్కడ మినియాపొలిస్, సెయింట్ పాల్ అని అర్థం, హైదరాబాదు, సికింద్రాబాదు కాదు. పెడల్ పబ్ అన్న పేరుతో కంపెనీ మొదలైంది ఇక్కడే. తరవాత నాష్‌విల్ లాంటి ఊళ్ళలో, ముఖ్యంగా పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళు చేసుకునే పార్టీలకి, ఇదొక ఆనవాయితీ అయిపోయింది.

ఇప్పుడు అమ్మ మొదటి ప్రశ్న. నడిపేది ఎవరు? ఈ ప్రశ్నకి జవాబు బండి తయారీలోనే ఉంది. తొక్కేవాళ్ళ చేతిలో స్టీరింగూ ఉండదు, బ్రేకూ ఉండదు. ఆ రెండూ ముందు కూర్చున్న కంపెనీ డ్రైవరు చేతిలో ఉంటాయి. అతను తాగడు. అంటే శక్తి తాగినవాళ్ళది, దారి తాగనివాడిది. అయినా చట్టానికి ఒక చిక్కుంది. మిన్నెసోటాలో రోడ్డు మీద పోయే వాహనంలో మూత తీసిన సీసా ఉండటమే నేరం. అందుకని ఆ చట్టంలోనే ఒక మినహాయింపు చేర్చారు. ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది ప్రయాణికులు పెడళ్ళు తొక్కి నడిపే, సైకిల్ తరహాలో వ్యాపారానికి తిరిగే వాహనంలో ప్రయాణికులు తాగవచ్చు అని. బస్సులకీ, లిమోజిన్లకీ ఇచ్చిన మినహాయింపుల పక్కనే దీన్నీ రాసి ఉంచారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఉన్న కోడ్‌ని కదపకుండా ఒక ఎక్సెప్షన్ రాశారు.

ఇదంతా విన్నప్పుడు అమెరికాలో తాగుడికి అడ్డే లేదని అనిపిస్తుంది. కానీ మన ఊరి చరిత్ర చూస్తే కథ వేరు. 1884లో ఇక్కడ మేయరు జార్జ్ పిల్స్‌బరీ. మనం చపాతీల కోసం కొనే పిండి సంచీ మీద కనిపించే పిల్స్‌బరీ కుటుంబమే అది. ఆయన హయాంలో ఊరి మ్యాపు మీద ఒక గీత గీశారు. సెలూన్లన్నీ ఆ గీత లోపలే ఉండాలి. మనకి సెలూన్ అంటే క్షవరం కొట్టు, ఆ రోజుల్లో ఇక్కడ సెలూన్ అంటే తాగే కొట్టు. పోలీసులు కాలినడకన గస్తీ తిరగగలిగినంత మేరకే తాగుడికి అనుమతి. అందుకే దానికి పెట్రోల్ లిమిట్స్ అని పేరు. డౌన్‌టౌన్‌లో నది ఒడ్డు, నార్త్ఈస్ట్‌లో కొంత భాగం గీత లోపల ఉన్నాయి. ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్న పేటలు చాలావరకు బయట ఉండిపోయాయి. ఆ గీత 90 ఏళ్ళు నిలబడింది. 1974లో గాని తీసెయ్యలేదు. ఇవాళ్టికీ దక్షిణాన కొన్ని పేటల్లో మైళ్ళు నడిచినా పాత బారు కనిపించకపోవడానికి, నార్త్ఈస్ట్‌లో అవి చాలా ఉండటానికి, ఆ గీత ఒక పెద్ద కారణం.

ఇంకో విశేషం చెబుతాను. అమెరికా దేశమంతా మద్యం నిషేధించిన చట్టం తెలుసు కదా, దానికి జనం పెట్టుకున్న పేరు వోల్‌స్టెడ్ చట్టం. ఆ ఆండ్రూ వోల్‌స్టెడ్ మన మిన్నెసోటా వాడే, గ్రనైట్ ఫాల్స్ అనే చిన్న ఊరినుంచి కాంగ్రెస్‌కి వెళ్ళినవాడు. అధ్యక్షుడు విల్సన్ వద్దని వెనక్కి పంపినా 1919 అక్టోబరులో కాంగ్రెస్ ఆ చట్టాన్ని నెగ్గించింది. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా నిషేధం నడిచింది. మా అమ్మ కూర్చున్న బెంచీ వెనక ఉన్న గ్రెయిన్ బెల్ట్ భవనం 1891లో కట్టింది. అందులోనూ బీరు కాయడం ఆగి 1933లో మళ్ళీ మొదలైంది. 1970ల మధ్యలో మూతపడింది. 2000 తరవాత బాగుచేసి ఆఫీసులకీ, లైబ్రరీకీ ఇచ్చారు.

నిషేధం ఎత్తేశాక కూడా రాష్ట్రాలు గట్టి కట్టడే పెట్టాయి. కాసేవాడు వేరు, అమ్మేవాడు వేరు. మిన్నెసోటాలో బీరు తయారుచేసే కంపెనీ తన గడపలోనే గ్లాసు లెక్కన అమ్ముకోవడానికి 2011లో గాని చట్టం ఒప్పుకోలేదు. సర్లీ అనే బ్రూవరీ అడగడంతో మొదలైంది కాబట్టి దాన్ని సర్లీ బిల్లు అంటారు. గవర్నర్ మార్క్ డేటన్ సంతకం చేశారు. ఆ తరవాత నాలుగేళ్ళలో నార్త్ఈస్ట్‌లో పాత గోడౌన్లలో చిన్న చిన్న బ్రూవరీలు వరసగా వెలిశాయి. 2007లో వచ్చిన తొక్కుడు బారుకి అసలైన దారి అప్పుడు దొరికింది. ఇంత జరిగినా సీసా కొట్లలో ఆదివారం అమ్మకం మాత్రం 2017 జులై దాకా నిషేధమే. మనలో పాతకాపులకి బాగా గుర్తుంటుంది, ఆదివారం పార్టీ అంటే విస్కాన్సిన్ సరిహద్దు దాటి వెళ్ళొచ్చిన అంకుల్ ఒకరు తప్పకుండా ఉండేవారు.

ఇక అమ్మ రెండో ప్రశ్న. పక్కన ఇళ్ళోళ్ళు ఊరుకుంటారా? ఊరుకోలేదు. ఇది నిజానికి ఈ బండి చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. బారులో గోల చేస్తే నాలుగు గోడల మధ్య ఉంటుంది. మూయించాలంటే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలుస్తుంది. ఈ బారు గోడలు లేనిది, పైగా కదిలేది. ఒక వీధిలో కేకలు వేసి ఇంకో వీధికి పోతుంది. ఫిర్యాదు చేసేలోపు బండి ఉండదు, మళ్ళీ గంటకి ఇంకో బండి వస్తుంది.

జర్మనీలో డ్యుసెల్‌డార్ఫ్ నగరంలో ఇది కోర్టుకెక్కింది. రోడ్డు మీద తిరిగే హక్కు ప్రతి వాహనానికీ ఉంది కదా అన్నది బండివాళ్ళ వాదన. ఇది ప్రయాణం కాదు, పార్టీ అన్నది నగరం వాదన. లైప్‌జిగ్‌లో ఉన్న పై కోర్టు 2012లో నగరం వైపే మొగ్గింది. ఈ బండి ముఖ్యోద్దేశం ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళడం కాదు, రోడ్డు మీద వేడుక చేసుకోవడం. కాబట్టి మామూలు వాహనంలా తిరగడానికి వీల్లేదు, ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి అని తీర్పు. రోడ్డు ఎందుకు ఉంది అన్న ప్రశ్న ఒక బీరు బండి వల్ల అంత పెద్ద కోర్టు దాకా వెళ్ళిందంటే చిత్రంగా లేదూ?

పుట్టింటి కథ ఇంకా చిత్రం. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున వీధులు ఇరుకు, కాలవల పక్కనే ఇళ్ళు. వేరే దేశాలనుంచి వారాంతానికి దిగిన కుర్రకారు ఈ బండెక్కి అరుస్తూ తిరగడం, ఆగినచోటల్లా గోడల పక్కన నిలబడటం చూసి చూసి అక్కడివాళ్ళకి విసుగొచ్చింది. వేలమంది సంతకాలు పెట్టి నగరానికి ఇచ్చారు. నగరం నిషేధించింది, కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి. 2017 అక్టోబరు చివర్లో కోర్టు నగరం మాటే నిలబెట్టింది. నవంబరు 1 నుంచి నగరం మధ్యలో ఆ బళ్ళు బందు. సైకిల్ కెఫేని కనిపెట్టిన దేశమే, ఇరవై ఏళ్ళకి, తన పెద్ద ఊరి నడివీధి నుంచి దాన్ని బయటికి పంపేసింది. అందరి మీదా కోపంతో కాదు, అక్కడ కాపురముండే వాళ్ళ నిద్ర కోసం.

ఈ రెండు కథలూ నేను ఆ వారమే చదివి అమ్మకి చెప్పాను. రాత్రి భోజనాలయ్యాయి, మా అమ్మాయి నిద్రపోయింది. అమ్మ అంతా విని, "సంతకాలు పెట్టి ఆపించారా? మేలే. మాకు సంతకం రాక ముందు మొదలయింది" అంది. మూడో ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

దూబగుంట పేరు విన్నారు కదా. నెల్లూరు జిల్లాలో చిన్న పల్లె. ఆ రోజుల్లో సారా ప్రభుత్వం లైసెన్సుతోనే ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరా వచ్చేది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే కొట్టు దగ్గర ఆగిపోయేవి. 1990, 91 ప్రాంతాల్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. రాత్రిళ్ళు లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు అదే చోట తమ ఇళ్ళ సంగతులు కూడా మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు మిగతా ఆడవాళ్ళు కలిసి తమ ఊరి సారా కొట్టు మూయించారు. ఆ కథ పాఠంగా మారి మిగతా పల్లెల్లో చదువుకునే ఆడవాళ్ళ చేతికి వచ్చింది. 1992 నాటికి జిల్లాలో సారా వేలం పాటలే జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీ రామారావు 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు. ఖజానాకి నష్టం, పక్క రాష్ట్రాలనుంచి దొంగ రవాణా అన్న కారణాలతో చంద్రబాబు నాయుడి ప్రభుత్వం 1997లో దాన్ని సడలించింది. డచ్చి అన్నదమ్ములు బండి తయారు చేసిన సంవత్సరం కూడా అదే. ఊరికే కలిసొచ్చిందంతే, కానీ నాకు మరిచిపోవడానికి వీల్లేకుండా గుర్తుండిపోయింది.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివినదే. అమ్మ చెప్పింది పుస్తకాల్లో లేదు. కావలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తాతయ్య సారా కోసం ఇంట్లో ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే అమ్మేశాడట. చివరి బిందె అమ్మ పెళ్ళికి దాచింది. అది కూడా పోయాక అమ్మమ్మ ఆయనతో మాట్లాడటం మానేసిందట. 1992లో ఆ ఊరి కొట్టు ముందు ఆడవాళ్ళు కూర్చున్నప్పుడు అమ్మమ్మ మొదటి వరసలో ఉంది. పుట్టింటికి వచ్చిన అమ్మ కూడా వెళ్ళింది.

"నువ్వూ ఉండావు, నా చంకలో. మూడేళ్ళోడివి. ఆకలికి ఒకటే ఏడుపు. కొట్టోడే జాలిపడి నీకు బిస్కత్తు ఇచ్చినాడు, మీ అమ్మమ్మ తిననీలేదు" అంది.

ముప్పై ఏళ్ళు దాటాక, ప్రపంచానికి ఈ చివర కూర్చుని, నేనొక ఉద్యమంలో పాల్గొన్నానని తెలిసింది. తాతయ్య గురించి నాకెప్పుడూ చెప్పలేదేం అని అడిగితే, "ఏం చెప్పేది, తాగనప్పుడు మంచోడే" అంది.

తొక్కుడు బారునీ, దూబగుంటనీ ఒకే గాటన కట్టకూడదని నాకు తెలుసు. ఇక్కడ ఆ బండెక్కేవాళ్ళు తమ జీతంలో ఒక సాయంత్రం ఖర్చు పెట్టుకునేవాళ్ళు. అక్కడ పోయింది పిల్లల అన్నం. కానీ ఈ ఊళ్ళన్నిటి చరిత్రా చదివాక నాకు ఒకటి అనిపించింది. తాగుడు మంచిదా చెడ్డదా అన్న వాదం ఎక్కడా తేలలేదు. వోల్‌స్టెడ్ చట్టంతోనూ తేలలేదు, మన నిషేధంతోనూ తేలలేదు. తేలినదల్లా, ఒకరి సరదాకి ఖర్చు ఇంకొకరు భరిస్తున్నప్పుడు ఆ భరించేవాళ్ళు నోరు తెరిస్తే ఏమవుతుంది అన్నదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో నిద్రలేని కాపురస్తులు, నెల్లూరు జిల్లాలో బిందెలు పోగొట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళు మాట్లాడాకే గీత ఎక్కడ గియ్యాలో పైవాళ్ళకి తెలిసింది. మన ఊళ్ళో మాత్రం ఆ బండి ఇంకా తిరుగుతోంది. తాగని డ్రైవరు ఉన్నాడు, చట్టంలో చోటు ఉంది. నాకు దాని మీద కోపం లేదు. పక్కనున్న ఇళ్ళవాళ్ళని ఎవరైనా అడుగుతూ ఉండాలి, అంతే.

ఆ రాత్రే ఫోను తీసి నా ఫొటో అమ్మకి చూపించాను. కప్పు చేతిలో ఉన్న ఫొటోయే. దాచి ప్రయోజనం లేదనిపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పెద్దది చేసి చూసింది. ఎంత తాగావని అడుగుతుందనుకున్నాను. ఒక గ్లాసే అని జవాబు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను.

"తొక్కినావా, లేకుంటే ఊరికే కూర్చున్నావా?" అంది.

"తొక్కానమ్మా."

"సరే అయితే. పోయి పడుకో" అని ఫోను నా చేతికిచ్చింది.

మీ ఇళ్ళకి అమ్మానాన్నలు వస్తుంటారు. వాళ్ళు ఆ రోజుల్లో ఆ ప్రాంతాల్లో ఉన్నవాళ్ళయితే 1992 గురించి ఒకసారి అడిగి చూడండి. మీరు కూడా ఎవరి చంకలోనో ఉండి ఉండొచ్చు.